ముఖం చూస్తే తెరుచుకునే ఫోను

"నీళ్ళల్లో పడితే?" అడిగాడు శ్రీరామప్ప.

ఉమేశ్ గాజు గ్లాసులో నీళ్ళు పోసి, షాపులో అన్నిటికంటే ఖరీదైన డెమో ఫోనును నిలువునా ముంచాడు. ఫోను గ్లాసులోంచే పాట పాడింది. శ్రీరామప్ప భార్య అక్కయమ్మ "అయ్యో దేవుడా" అంటూ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఓనరు చెన్నకేశవ పేపరు చదువుతున్నట్టు కూర్చుని ఓరకంట చూస్తున్నాడు. ఆయన పొద్దున్నే తేల్చి చెప్పేశాడు. "ఏమప్పా ఉమేశ్, నువ్వు నోరు తెరవక గిరాకీ అంతా ఎదురు షాపుకి పోతా ఉండాది. సాయంత్రం లోపల ఆ పెద్ద ఫోను ఒకటి అమ్మితే సరి. లేదంటే రేపటినుంచి ఇంట్లోనే ఉండు."

ఉమేశ్ మంచివాడే గాని మహా సిగ్గరి. ఎవరైనా కళ్ళలోకి చూస్తే చాలు, వాడి చూపు ఛార్జర్ల మీదికి దిగిపోతుంది. అలాంటివాడికి ఉద్యోగం పోతుందన్న భయం నోరిచ్చింది. కానీ ఏం లాభం? పొద్దుటినుంచి వచ్చినవాళ్ళంతా స్క్రీన్‌గార్డులు వేయించుకుని వెళ్ళిపోయారు. మాలూరు బజారులో దీపాలు పెట్టే వేళకి ఈ లక్కూరు రైతు దంపతులు మాత్రమే ఆ ఫోను చూపించమన్నారు. వీళ్ళూ పోతే ఇక అంతే సంగతులు.

"కింద పడితే?"

"టైటానియం చట్రమప్పా. రాకెట్లలో వేసే లోహం," అని ఉమేశ్ కళ్ళు మూసుకుని ఫోనును నేల మీదికి వదిలాడు. చెన్నకేశవ గట్టిగా దగ్గాడు. ఫోనుకి ఏమీ కాలేదు.

"జాస్తి సేపు పని చేస్తే వేడెక్కుతాదా?"

"లోపల చల్లబరిచేది ఉండాదప్పా. ఎంత పని చెప్పినా వేడెక్కదు."

"నా ఫోను మధ్యాన్నానికే పడుకుంటాది."

"ఇది పడుకోదప్పా. రెండు దినాలైనా లేచే ఉంటాది."

"ఎన్నేండ్లు మన్నుతాది?"

"ఏడేండ్లు కంపెనీవాళ్ళే కొత్త కొత్తవి నేర్పిస్తా ఉంటారు."

"ఏడేండ్లేనా?" అంది అక్కయమ్మ, నిరాశగా.

"మనం జాగ్రత్తగా చూసుకుంటే ఇంగా వస్తాదమ్మా," అన్నాడు ఉమేశ్ గాభరాగా.

శ్రీరామప్ప ఫోనును తిప్పాడు, తట్టాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. సంతలో ఆవును కొనేటప్పుడు కూడా ఇంత పరీక్ష పెట్టి ఉండడు. అక్కయమ్మ వరస ఇంకోరకం. ఆమె ఫోనును చూసేది తక్కువ, చెప్పేవాడి మొహం చూసేది ఎక్కువ. పెద్దావిడకి సరిగా వినబడదేమోనని ఉమేశ్ గొంతు పెంచాడు.

"దూరపు చూపు ఉండాదా దీనికి?" అన్నాడు శ్రీరామప్ప.

ఉమేశ్ ఫోనును బస్టాండు వైపు తిప్పి కెమెరాలో బొమ్మను దగ్గరికి లాగాడు. కండక్టరు చెవి మీద పెట్టుకున్న పెన్ను, దాని విరిగిన మూత కూడా కనిపించాయి.

"లాకు తీసేది ఎట్లన్నావప్పా?" అంది అక్కయమ్మ. ఇది మూడోసారి.

ఉమేశ్ మొదటిసారి చెప్పినట్టే నవ్వుతూ చెప్పాడు. "ముఖం చూపిస్తే సాలమ్మా. అదే తెరుచుకుంటాది."

"వేరే ముఖం చూపిస్తే?"

"తెరుచుకోదు."

"ఇంగా అందమైన ముఖం చూపిస్తే?"

"ఎంత అందమైన ముఖమైనా కుదరదమ్మా. ఒక్కరికే."

అక్కయమ్మ మొగుడి వైపు చూసి తలూపింది. "అట్లుండల్ల."

ఉమేశ్‌కి ఆశ పుట్టింది. "మీకేనా అమ్మా?"

"మాకెందుకప్పా? మా పిల్ల రక్షితకి. వేమగల్ ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే పని. సన్న గీత ఉన్నా పక్కన పెట్టేస్తాది."

ఉమేశ్ ఫోనును చొక్కా అంచుతో తుడిచాడు. "దీంట్లో గీతే ఉండదమ్మా."

"అది పిల్ల చెప్పల్ల. ఇట్లియ్యి, ఒక ఫోటో తీసి పంపిస్తాము. నువ్వు నిలబడు."

"నేనెందుకమ్మా?"

"ఎవరో ఒకరు నిలబడకుంటే కెమెరా ఎట్లుండాదో పిల్లకి ఎట్ల తెలుస్తాది?"

న్యాయమైన మాటే. ఉమేశ్ వేళ్ళతో తల దువ్వుకుని నిలబడ్డాడు. "నవ్వప్పా" అంది అక్కయమ్మ. నవ్వాడు. వెనక షాపంతా మసకబారి, వాడొక్కడే కళకళలాడుతూ వచ్చాడు. ఆ ఫోటోను రక్షిత నెంబరుకి తనే పంపించాడు, కిందన ఫోను వివరాలు కూడా రాసి.

"అన్నం తిన్నావాప్పా?"

"ఇంగా లేదమ్మా. అమ్మ సంగటి కట్టిచ్చింది. ఈ ఫోను అమ్ముడుపోయినాక తింటాను."

అక్కయమ్మ ముఖం జాలిగా అయింది. ఇంతలో శ్రీరామప్ప జేబులో పాత ఫోను మోగింది. ఆయన మెట్ల మీదికి వెళ్ళి మాట్లాడాడు. ఉమేశ్ మనసులోనే దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు.

శ్రీరామప్ప తిరిగొచ్చి, చెన్నకేశవ వైపు చూసి తలూపాడు. "ఫోను వద్దులేప్పా."

"పిల్లకి నచ్చలేదా అప్పా?"

"దానికి ఉండే ఫోనే సాలంట. వస్తాము."

ఉమేశ్‌కి ఏడుపొచ్చినంత పనైంది. అయినా అక్కయమ్మ సంచి తనే పట్టుకుని మెట్లు దింపాడు. లక్కూరు బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించాడు. "జాగ్రత్తమ్మా" అన్నాడు. తర్వాత లోపలికొచ్చి, మెడలోని ట్యాగు తీసి ఓనరు ముందు పెట్టాడు.

"నా చేత కాలేదు సార్. అన్నీ చూపించినాను. వాళ్ళకి నచ్చలేదు."

చెన్నకేశవ పేపరు మడిచాడు. ఇంతసేపూ దాని చాటున ఆపుకున్న నవ్వంతా బయటికొచ్చింది.

"ట్యాగు మెళ్ళో వేసుకోప్పా. వాళ్ళని రమ్మన్నది నేనే. ఆదివారం నీకు సెలవు. మంచి చొక్కా వేసుకొని లక్కూరు పోవల్ల నువ్వు."

"డెలివరీకా సార్?"

"పిల్లకి నువ్వు నచ్చినావంట."