మిగిలిన బోల్టు

"జేబులో వేసేసుకో. ఎవరు చూశారు?" అన్నాడు కాజితా, పక్క స్థానంలోంచి మెడ సాచి నవ్వుతూ.

కార్ల తయారీ వరుసలో సీటు బెల్టులు బిగించే చినామి మళ్ళీ డబ్బాలోకి చూసింది. ఆమె ముందున్న డబ్బా ఖాళీగా ఉంది. ఇరవై కార్లకని, కారుకు నాలుగు చొప్పున, ఎనభై బోల్టులు లెక్కపెట్టి ఇస్తారు. ఇరవయ్యో కారు ఇప్పుడే ముందుకు కదిలింది. కాబట్టి డబ్బా ఖాళీ కావలసిందే. కానీ డబ్బా పక్కన, ఇనుప గట్టు మీద, ఒక బోల్టు ఉంది. సీటు బెల్టును కారు నేలకు పట్టి ఉంచే బోల్టు.

ఇది ఇక్కడుందంటే ఏదో ఒక కారులో లేదన్నమాటే.

"ముసలి సైన్యం చూస్తుండగానే కావాలా నీకు ఈ గొడవ?" కాజితా గడ్డంతో పైకి చూపించాడు.

కర్మాగారానికి నలభై ఏళ్ళు నిండాయని రిటైరైనవాళ్ళందర్నీ ఆ రోజు పిలిచారు. ఆకుపచ్చ టోపీలు పెట్టుకుని, కార్ల వరుసకు పైనున్న నడక వంతెన మీద వరుసగా నిలబడి కిందికి చూస్తున్నారు. 'మినోసావా కారు కొన్నవాడికి మెకానిక్ ముఖం తెలియదు' అని ఈ కంపెనీ కార్ల గురించి ఊళ్ళో అనుకునే మాట వాళ్ళు సంపాదించిపెట్టిందే.

చినామి చెయ్యెత్తి తలపైనున్న తాడు లాగింది.

ఎర్రదీపం వెలిగింది. జోలపాట లాంటి బాణీ మోగింది. కార్ల వరుస మొత్తం ఎక్కడిదక్కడ నిలిచిపోయింది.

మేస్త్రీ నిషివాకి పరుగెత్తుకొచ్చాడు. నుదురంతా చెమట. అయినా ముందు ఆమె ఎదుట తలవంచి, "ఆపినందుకు చాలా థాంక్స్" అన్నాడు. అక్కడ ఎవరు తాడు లాగినా మొదటి మాట అదే. కంపెనీ మొదట మగ్గాలు చేసేది. ఆనాటి యజమాని రాసిన వాక్యం ఇప్పటికీ గోడ మీద ఉంది: 'దారం తెగితే మగ్గం ఆగాలి.'

"ఇప్పుడు చెప్పు. ఏమైంది?"

"ఇది మిగిలిందండీ. ఏ కారులో మర్చిపోయానో తెలియడం లేదు."

నిషివాకి ముఖం రంగు మారింది. "ఆ ఇరవై ఎక్కడున్నాయి?"

"పదకొండు ఇక్కడే ఉన్నాయి. తొమ్మిది బయటికెళ్ళాయి" అన్నాడు కాజితా. ఇప్పుడతను నవ్వడం లేదు. "కొన్ని రేవుకెళ్ళే లారీ ఎక్కేశాయి."

"లారీ కదలనివ్వకండి!"

కార్లలో పరిచిన తివాచీలు లేపడం మొదలుపెట్టారు. చినామి ఒక్కో బోల్టునూ వేలితో తాకి మరీ లెక్కపెట్టింది. ఇక్కడ లేని బోల్టు రేపు ఎవరి ఇంటి పిల్లను పట్టుకోలేకపోతుందోనని ఆమె భయం. వరుసలోని నలభై నాలుగూ ఉన్నాయి. ఆవరణలోనివీ సరిపోయాయి. లారీ మీద చివరి కారులోకి తనిఖీ మనిషి టార్చితో దూరాడు.

"నాలుగూ ఉన్నాయి! మొత్తం ఎనభై!" అని లోపలినుంచి కేక వినిపించింది.

చినామి ఉన్నచోటే నేల మీద కూర్చుంది. కాజితా తాగడానికి తెచ్చుకున్న బార్లీ టీ డబ్బా మూత తీసి ఆమె చేతిలో పెట్టాడు. చల్లగా ఉంది.

"మరి ఇదెక్కడిది?" నిషివాకి బోల్టును వెలుగులోకి ఎత్తాడు. "దీని అంచులు చూడండి, అరిగి నున్నబడ్డాయి. ఏళ్ళ తరబడి ఎవరి జేబులోనో తిరిగినట్టుంది."

"నా జేబులోనే" అన్నారెవరో.

ఆకుపచ్చ టోపీ చేత్తో పట్టుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. నడుము వంగేదాకా చినామికి తలవంచాడు.

"నా పేరు హమాసాకి. ఇరవై ఆరేళ్ళ కిందట నువ్వున్న చోటే నేను పనిచేసేవాణ్ణమ్మా. ఒక సాయంత్రం డబ్బాలో ఇది మిగిలింది. తాడు లాగడానికి భయపడి జేబులో వేసుకున్నాను."

కాజితా తలదించుకున్నాడు.

"అప్పట్నుంచీ పేపర్లో ప్రమాదం వార్త కనిపిస్తే ముందు కారు పేరే చూసేవాణ్ణి. మా ఆవిడ ఫుమికో ఒక్కదానికే చెప్పాను. పోయేముందు, 'దాన్ని ఎక్కడిదక్కడ పెట్టేసి రండి, మనసు తేలికపడుతుంది' అంది. ఇందాక టీ విరామంలో మమ్మల్ని కిందికి రానిచ్చినప్పుడు పెట్టాను. ఈ రోజుల్లో లెక్కలన్నీ మరలే చూసుకుంటాయనుకున్నాను. నిన్నింత హడలగొడతానని..."

చినామి లేచి, తన టీ డబ్బా ఆయన చేతికిచ్చింది. ఆయన రెండు చేతులా పట్టుకున్నాడు గానీ తాగలేదు.

అంతలో కర్ర పొడుచుకుంటూ ఇంకో ఆకుపచ్చ టోపీ వచ్చింది. ఎనభై దాటిన ఓగురా. హమాసాకికి పని నేర్పిన ఆనాటి మేస్త్రీ ఆయనే.

"తాగరా. ఆ కారుకేమీ కాలేదు" అన్నాడు. "దాని నాలుగు బోల్టులూ దానికున్నాయి. ఈ మాట చెప్పడానికే ఇన్నేళ్ళూ నాకు ముఖం చెల్లలేదు."

"మీకెలా తెలుసు గురువుగారూ?"

ఓగురా ఆ బోల్టును అరచేతిలోకి తీసుకున్నాడు. కళ్ళెత్తలేదు.

"నువ్వు తాడు లాగుతావో లేదో చూద్దామని, ఆ రోజు నీ డబ్బాలో ఎనభై ఒకటి వేసింది నేనేరా."