కెమెరాలకు వేరే దారి

ఆ రోజుల్లో ఇంట్లోని వస్తువులన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి. పక్షవాతం నుంచి కోలుకుంటున్న అనసూయమ్మ కాస్త తూలితే చాలు, కెమెరా ఆ సంగతి వీధి తలుపుకు చెప్పేది. ఆమె బయట పడిపోకూడదని తలుపు తనే తాళం వేసుకుని బిగుసుకునేది. నెలల తరబడి ఆమె గడప దాటలేదు.

చివరికి కోడలు స్వరూప మెకానిక్ సమ్మయ్యను పిలిపించింది.

"కెమెరాలకు వేరే నెట్‌వర్క్ పెట్టిన వదినా. అవి చూసేది ఇగ మీ ఫోన్‌లనే కనిపిస్తది. తలుపుకు తెల్వది," అన్నాడతను పని ముగించి.

"పడిపోతే మరి?"

"మీరే చూసుకోవాలె."

స్వరూపకు భయమేసింది. అయినా సరేనంది.

మర్నాడు ఆఫీసులో ఉండగా ఫోన్‌లో అత్త కనిపించింది. చేతికర్రతో తలుపు దాకా నడిచి, అక్కడ తూలింది. స్వరూప వేలు తాళం గుర్తు మీదికి వెళ్లింది. నొక్కితే తలుపు మళ్లీ బిగుసుకుంటుంది. అంతలో అనసూయమ్మ గోడకు చెయ్యి ఆనించి నిలదొక్కుకుంది. స్వరూప వేలు వెనక్కి తీసుకుంది. అత్త తలుపు తీసుకుని బయటికి నడిచింది.

రాత్రి అన్నం తింటూ అనసూయమ్మ అంది, "ఇయ్యాల ఎదురింటి దాక పోయొచ్చిన. ఒక్కపారి సుత తూలలే."

"మంచిగైంది అత్తమ్మా," అంటూ స్వరూప ఆమె కంచంలో ఇంకాస్త పప్పు వేసింది.