పూలు వీధి వైపు

“మెల్లగా, అమ్మాయ్! పాప లేస్తుంది.”

స్టూలు ఎక్కబోతున్న అమ్మాయి కాలు గాల్లోనే ఆపేసింది. తలుపు తీసిన దగ్గర్నుంచీ ఆ ఇల్లాలు గుసగుసగానే మాట్లాడుతోంది. గది మూల ఉయ్యాల్లో ఏడాదిన్నర పాప గుప్పిళ్ళు బిగించి నిద్రపోతోంది. పక్కన కుర్చీలో నాయనమ్మ ఉయ్యాల తాడు పట్టుకుని కూర్చుంది. గదిలో మసక వెలుతురే, అయినా ఆవిడ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది.

“కళ్ళకి ఆపరేషనా, మామ్మగారూ?”

“ఆపరేషనూ లేదు, పాడూ లేదు. మనవరాలి గారాబం!” ముసలావిడ నవ్వబోయింది.

“అత్తయ్యా!” అంది ఇల్లాలు. నవ్వు అక్కడే ఆగిపోయింది.

పాప ఆడుకుంటూ కంట్లో వేలు పెట్టి ఉంటుందని అమ్మాయి అనుకుంది. పిన్ని కర్టెన్ల దుకాణంలో ఆర్నెల్లుగా పని నేర్చుకుంటోంది. ఒక్కతే కొలతలకి రావడం ఇదే మొదటిసారి. ఎక్కువ మాట్లాడకు, టేపు వంకరగా పట్టుకోకు అని పిన్ని రెండే ముక్కలు చెప్పి పంపింది. మొదటిది అప్పుడే తప్పింది.

కిటికీకి ఒక దుప్పటి మేకులు కొట్టి బిగించి ఉంది.

“ఇది తీస్తేగానీ కొలవలేనండీ. ఎండ పాప మొహం మీద పడుతుందేమో.”

“పడనీలే. దాంతో ఏం కాదు.”

అమ్మాయికి వింతగా తోచింది. వెలుతురు పోగంత కూడా దూరకూడదని నిన్న ఫోన్లో మూడుసార్లు చెప్పింది ఈవిడే. దుప్పటి తీయగానే సాయంకాలపు ఎండ తిన్నగా ఉయ్యాల్లో పడింది. ఇల్లాలు అటు చూడనైనా లేదు. కిటికీలోంచి ఎదురింటి బాల్కనీనే చూస్తోంది.

అమ్మాయి వెడల్పు మూడు చోట్ల కొలిచింది. పైన నలభై ఎనిమిది అంగుళాలు, మధ్యలో నలభై ఏడున్నర, కింద నలభై ఏడు.

“చట్రం వంకరగా ఉందండీ. రోమన్ షేడ్, అదే మడతలుగా పైకి లాగే గుడ్డ తెర, చట్రం లోపల బిగిస్తే పక్కన సందు మిగులుతుంది. బయట గోడకి బిగిద్దాం. అటూ ఇటూ మూడేసి అంగుళాలు గోడ మీదికి వస్తుంది.”

“ఆరేసి అంగుళాలు పెట్టు.”

“ఆరేసా! కిటికీకి కాదు, గోడకి చీర కట్టినట్టుంటుందండీ.”

“చూడ్డానికి ఎవరొస్తారు తల్లీ మా ఇంటికి,” అంది నాయనమ్మ.

గుడ్డల పుస్తకం తెరిచాక ఇల్లాలు రంగుల జోలికే పోలేదు. ఒక్కొక్క ముక్క వెనకా ఫోను టార్చి పెట్టి, ముందు నుంచి చూసింది. నార గుడ్డలోంచి వెలుగు జల్లెడలా దిగింది. మెరుపు గుడ్డలోంచి ఎర్రగా కారింది. చివరికి నీలం పూల మందపాటి గుడ్డకి నల్ల లైనింగ్ జోడించి చూపిస్తే, టార్చి పూర్తిగా మాయమైపోయింది. ఇల్లాలు అప్పుడు ఊపిరి వదిలింది.

“ఇదే. కానీ నల్ల వైపు గదిలోకి ఉండాలి.”

“అందరూ పూలవైపు గదిలోకి పెట్టించుకుంటారండీ. లైనింగ్ అద్దం వైపు ఉంటుంది.”

“మా పూలు వీధికి ఉండనీ. నేను చెప్పినట్టు చెయ్యమ్మా, నీకు పుణ్యం ఉంటుంది.” ఆవిడ ఎదురింటి వైపు వేలు చూపించింది. “ఇది నాలుగో ఇల్లు. ఎదురింటివాళ్ళు మళ్ళీ ఫిర్యాదులు మొదలుపెట్టారు. ఈ షేడ్ కూడా కుదరకపోతే ఆదివారానికి ఖాళీ చేయమన్నాడు ఓనరు. ఇక ఏ ఊళ్ళో వెతుక్కోవాలి?”

ఎండ పొడ తగిలితే పాప ఏడుపు లంకించుకుంటుందేమో, ఆ గోలకి ఇరుగుపొరుగు విసుక్కుంటారేమో అనుకుంది అమ్మాయి. మరి ఇందాకటి ఎండకి పాప కదలనైనా లేదే!

“సందు ఉందో లేదో ఇప్పుడే చూసేద్దాం. నా దగ్గర లైనింగ్ గుడ్డ ఉంది. కొలతకి మడిచి పిన్నులు గుచ్చుతాను. గదిలో నిలబడి చూస్తే తెలిసిపోతుంది.”

“లోపల్నుంచి చూస్తే మాకేం లాభం? పొద్దుగూకాక వీధిలోంచి చూడాలి.”

“అయితే లోపల లైటు వేసి ఉంచాలి కదండీ. చీకట్లో సందు ఎలా కనిపిస్తుంది?”

అత్తా కోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“మీరు వెళ్ళండి,” అంది నాయనమ్మ. “ఆ సంగతి నేను చూసుకుంటాను.”

అమ్మాయి గుడ్డ బిగించి, అంచులన్నీ వేలితో ఒత్తింది. గదిలో చీకటి నిండింది. ఉయ్యాల కిర్రుమంటున్న చప్పుడు ఒక్కటే మిగిలింది.

ఇద్దరూ వీధి దాటి ఎదురింటి గోడ పక్కన నిలబడ్డారు. అప్పటికి చీకటి పడింది. వీధి దీపాలు ఇంకా వెలగలేదు. కిటికీ ఏదో, గోడ ఏదో తెలియనంత నల్లగా ఉంది.

“చూశారా! పిట్ట కన్నంత సందు కూడా లేదు,” అంది అమ్మాయి గర్వంగా. పిన్నికి ఈ సంగతి ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటోంది కూడా.

“ఉండు.” ఇల్లాలు ఆమె మణికట్టు పట్టుకుంది.

కిటికీ కింది అంచున సన్నటి తెల్ల గీత పుట్టింది. అది సూదిలా మొదలై అంచు పొడవునా పాకింది. కిటికీ కింద అరుగు పగుళ్ళలోని గడ్డిపోచలు ఒక్కొక్కటే లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపించాయి. తర్వాత గీత చప్పున ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది.

వాళ్ళ తలల మీద, ఎదురింటి బాల్కనీ తలుపు తెరుచుకుంది.

“అదిగో సందు! కింద ఇంకో నాలుగు అంగుళాలు దించితే సరిపోతుంది, మీరేం కంగారు పడకండి,” అంది అమ్మాయి. “మామ్మగారిని ఇక ఆ లైటు ఆపేయమనండి.”

ఇల్లాలు తల అడ్డంగా ఊపింది.

“ఆ గదిలో లైటే లేదమ్మా. పాప కళ్ళు తెరిచింది.”