మొదటి చుట్టు

తాలూకా కచేరీలో ఎనిమిది గంటలు కొట్టారు. ఆదం ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు.

పూజారి ఇంకా రాలేదు.

"మామా, కొబ్బరికాయ నువ్వే కొట్టెయ్" అన్నాడు రంగులరాట్నం యజమానితో.

"అంత ఆత్రమేటిరా?" అన్నాడు పరదేశి. "పెళ్లాన్ని ఎక్కించడానికి ఇంత తొందరపడినోడిని నేనెక్కడా సూళ్లేదు. ఇంకో సమ్మంధం కుదిరిందేటి?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. ఆదం నవ్వలేదు.

అమ్మవారి జాతరకు, నూకాలమ్మ తీర్థానికి, వచ్చే రాట్నాలవాళ్లకు ఒక కట్టు ఉంది. ఏటేటా తీర్థానికి ముందు పాత రాట్నం విప్పి, మరమ్మతు చేసి, మళ్లీ నిలబెడతారు. పని చేసిన వడ్రంగి ఇంటిమనిషే మొదటి చుట్టు తిరగాలి. ఆ తరువాతే జనం ఎక్కుతారు. వడ్రంగి దొంగపని చేయకుండా పెద్దవాళ్లు పెట్టిన కట్టు అది.

ఈ ఏడు ఆ వడ్రంగి ఆదం. అతని ఇంట్లో ఉన్నది భార్య జోహరాబీ, చంటిపిల్ల రజియా.

రాట్నానిది ముప్పై ఏళ్ల వయసు. నిన్న సాయంత్రం తొట్లలో ఇసక బస్తాలు వేసి తిప్పి చూశారు. రెండో చుట్టులో, ఇరుసు దగ్గర, పాత బోల్టు పుటుక్కున తెగింది. తొట్టి పైనుంచి ఊడిపడి మోకాలిలోతు నేలలో దిగబడింది. మిగతా మూడు బోల్టులూ విప్పి చూస్తే తుప్పు సగానికి తినేసింది.

యుద్ధం నాలుగో ఏడు. ఊళ్లో మేకు దొరకడమే గగనం. కమ్మరి కన్నబాబు ఏదో పాత ఇనుము కాల్చి, రేపు సాయంత్రానికి బోల్టులు చేసిస్తానన్నాడు.

"సాయంత్రమా?" అన్నాడు పరదేశి. "నా రాట్నం పొద్దున్న ఏడుకల్లా తిరగాల. నీ వల్ల కాపోతే ఇంకో వడ్రంగి వత్తాడు."

పొద్దున్న వచ్చి చూసేసరికి ఇరుసుకు నాలుగు బోల్టులు బిగించి ఉన్నాయి. బొటనవేలికన్నా లావు. పరదేశి చేత్తో తడిమి చూశాడు.

"ఎక్కడివిరా ఇవి?"

"సెరుకు గానుగవి మామా. పది లోపల మళ్లీ పెట్టెయ్యాల. మొదటి చుట్టు అవగానే విప్పేత్తాను. కన్నబాబు బోల్టులొచ్చేక జనాన్ని ఎక్కించుకుందువు."

"అలాగేలే" అన్నాడు పరదేశి, అప్పుడు.

పూజారి వచ్చేసరికి ఎండ మీద పడింది. పసుపు రాసి, నిమ్మకాయ కోసి, కొబ్బరికాయ కొట్టాడు.

"ఎక్కు" అన్నాడు ఆదం భార్యతో.

జోహరాబీ పిల్లను చంకలో బిగించుకుంది. మొగుడి మొహం చూసింది. కిందికి చూసింది.

"కాళ్ల మీద ఆ గీతలేటి? రాళ్లలో నడిసేవా?"

"ఎక్కు, జోహరా."

"నిజం సెప్పు. తెగుతాదా?"

"తెగదు. నిన్ను సంపుకుంటానా?"

"అల్లా అనుకో, ఎక్కెయ్యే పిల్లా" అంది వరసలో ముందు నిలబడ్డ దేముడమ్మ. "ఆయన మరిసిపోతే మా నూకాలమ్మ సూసుకుంటాది."

నలుగురు మనుషులు తొట్లు పట్టుకుని తోశారు. రాట్నం మూలిగింది. జోహరాబీ ఎక్కిన తొట్టి లేచింది. చెక్క కిర్రుమన్న ప్రతిసారీ ఆమె పిల్ల తలను గుండెకు అదుముకుంది. పైకి వెళ్లాక కళ్లు మూసుకుంది. పిల్ల మాత్రం కిలకిలా నవ్వింది.

ఆదం అటు చూడలేదు. జనం తలల మీదుగా పడమటి వైపు చూస్తూ నిలబడ్డాడు. చెమట మెడ మీదుగా కారుతోంది.

"పెళ్లాం వేపు సూళ్లేకపోతన్నాడు పాపం" అంది దేముడమ్మ.

తొట్టి కిందికి వచ్చింది. జోహరాబీ దిగి నేల మీద చతికిలబడి ఏడ్చింది. జనం ఈలలు వేశారు.

కచేరీ గంట తొమ్మిది కొట్టింది.

ఆదం పానా పట్టుకుని ఇరుసు దగ్గరికి ఎక్కబోయాడు. పరదేశి జబ్బ పట్టుకుని కిందికి లాగాడు.

"ఎక్కడికి?"

"బోల్టులు, మామా. అనుకున్నాం కదా."

"జనాన్ని సూడు. ఇప్పుడు ఆపితే నా కొంప తగలెడతారు."

అప్పటికే నాలుగు తొట్లూ నిండిపోయాయి. పిల్లలు, ముసలమ్మలు, కొత్త పెళ్లికూతుళ్లు.

"కాళ్లట్టుకుంటాను మామా. సాయంత్రం దాకా ఆపు."

"నీ పెళ్లాం తిరిగింది. నీ బిడ్డ తిరిగింది. అంతకన్నా రుజువేటి కావాలిరా? నీ పని మీద నీకే నమ్మకం లేదా?" పరదేశి అతని చేతిలోని పానా లాక్కుని నడుముకు దోపుకున్నాడు. "గానుగోడితో నేను మాటాడుకుంటాను. పో."

ఆదం నోరు తెరిచాడు. రెండడుగుల దూరంలో పోలీసు జవాను నిలబడి వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ఆదం నోరు మూసేశాడు.

రాట్నం తిరిగింది. మళ్లీ తిరిగింది. ఒక్క బోల్టూ కదల్లేదు.

అంతసేపూ ఆదం పరదేశి వెనకాలే తిరిగాడు. ఒకసారి పానా మీద చెయ్యి వేస్తే చెంప పగిలింది. పది కావస్తోంది. అతను ఒక్కసారిగా వెనక్కి తిరిగి, జనాన్ని తోసుకుంటూ పరుగందుకున్నాడు.

"ఓలమ్మా, వడ్రంగోడు పారిపోతన్నాడు!" అని అరిచింది దేముడమ్మ. "రాట్నం పడిపోతాదేటో, దిగండే!"

తొట్లలో ఏడుపులు లేచాయి. జోహరాబీ పిల్లనెత్తుకుని వెనకాలే పరుగెత్తింది. తీర్థం దాటి, చెరకు తోటల్లో పడి, నది గట్టు వైపు పోతున్న మొగుడిని కేక వేసింది. అతను ఆగలేదు.

శారదానది అవతల కూత వేసిన పది గంటల మెయిలు రైలుబండి, తెల్లవారుజామున ఆదం ఆ నాలుగు బోల్టులూ విప్పుకొచ్చిన పట్టాల అతుకు మీదికే వస్తోంది.