చప్పుడు లేని బండి

తమ్ముడు ఇమ్మానుయేలుకు,

నాకు చదువు తక్కువ. కొక్కిరిబిక్కిరి గీతలూ తప్పులూ సర్దుకొని చదువుకో.

చప్పుడుండదని ముచ్చటపడి, డీజిల్ ఆటో అమ్మేసి ప్రొద్దుటూరులో కరెంటు ఆటో బుక్ చేశాను కదా. బండి ఆలస్యమైంది. మార్చి దాటితే సబ్సిడీ పోతుందని షోరూం ఓబుళేసు పిలిచాడు.

“మామా, బండి ముట్టిందని సంతకం పెట్టు. నీ పేరున రిజిస్ట్రేషన్ చేయిస్తాం. బండి యాడికీ పోదులే.”

పెట్టాను. వేరే బండికి దండేసి, పక్కన నన్ను నిలబెట్టి ఫొటో కూడా తీశారు.

ఎన్నికలు వచ్చాయి, బండి రాలేదు.

నిన్న జమ్మలమడుగు దారిలో బూత్ ఏజెంటును నరికారు. నరికినవాళ్లు ఆటోలో వచ్చారట. వెనక బండి వస్తున్న చప్పుడే వినపడలేదట.

ఈ ఉదయం ఓబుళేసు నా ఆటో తెచ్చాడు. సీటు తడిగా ఉంది.

“కొత్త బండిని కడిగినారేందప్పా?” అన్నాను.

నవ్వాడు. “ఎవురన్నా అడిగితే మార్చి నుంచీ నీకాడే ఉండాదని చెప్పు మామా. సంతకం నీదే కదా.”

కొత్త బండికి ప్రార్థన చేస్తానని పాస్టరుగారు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. తాళం చేతిలో పట్టుకొని లోపలే కూర్చున్నాను.

తొందరగా జవాబియ్యి. పోస్టుకార్డు మీద మాత్రం వద్దు, ఎవరైనా చదివేస్తారు. నువ్వే రా.