రాబందుల లెక్క

గోనెసంచి గడప దాటకముందే దాని కంపు పక్షి గణన కార్యాలయమంతా పాకింది.

అధికారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంటయ్యా అది?"

"రాబందండి," అన్నాడు ముసలివాడు. "చచ్చిన పశువుల్ని పడేసే దిబ్బ దగ్గర తోళ్ళు ఒలుస్తానండి. ఆ మాంసం తిన్నవి తిన్నట్టే తలలు వేలాడేసి చచ్చిపోతున్నాయి. పశువులకి సూదితో పొడిచే మందేదో వీటికి పడట్లేదు. పూర్తిగా కుళ్ళిపోకముందే దీన్ని కోయించి చూడండి."

అతని గోళ్ళ సందుల్లో ఎండిన నెత్తురు చూసి అధికారి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఆ దిబ్బ దగ్గర మాకో పరిశీలకుడున్నాడు. పదిహేడో నంబరు. పన్నెండేళ్ళుగా ఏటా ముత్యాల్లాంటి అక్షరాలతో లెక్క పంపిస్తాడు. అంత చదువుకున్నాయన చెప్పని సంగతి నువ్వొచ్చి చెబుతావా?"

"అదేనండీ, మా కోడలు..."

"మీ ఇంటి గోల నాకెందుకు? ముందు బయటికి నడు."

బంట్రోతు సంచిని కాలితో నెట్టుకుంటూ వెళ్ళి చెత్తబండిలో పడేశాడు.

ముసలివాడు మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

గదంతా ఫినాయిలు చల్లారు. ఆ గది కంపుకి ఫినాయిలు చాలదని అక్కడ ఎవరికీ తోచలేదు.

దేశంలోని పక్షుల స్థితి మీద నివేదిక శుక్రవారానికల్లా అచ్చుకు వెళ్ళాలి.

గురువారం గుమాస్తా ఓ కాగితం పట్టుకొచ్చాడు.

"సార్, ఇవాళ్టి టపాలో వచ్చింది. పదిహేడో నంబరాయన రాబందులు సున్నా అని రాశారు. ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో వేయమంటారా?"

"ఆయన సున్నా రాయడం ఎప్పుడైనా చూశావా? ఎండలకి భయపడి వెళ్ళి ఉండడు పాపం. కిందటేడు ఎంత?"

"నలభై ఒకటండి."

"అదే వేసెయ్."

కుర్చీలోంచి లేవకుండానే నలభై ఒక్క రాబందుల్ని బతికించేశాడు మహానుభావుడు.

నివేదికలో రాబందు పేరు ఎదురుగా 'ప్రమాదం లేదు' అని పడింది. ఇక ఆ మందు సంగతి ఎవరూ కదపలేదు. పశువులకి పొడుస్తూనే ఉన్నారు.

పదిహేడో నంబరాయనకి సన్మానం చేసి తీరాలని అధికారే పట్టుబట్టి ఉత్తరం రాయించాడు.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది.

"అయ్యా, నాకు రాయడమే వచ్చు, పక్షులు తెలియవు. ఇన్నేళ్ళూ మా మామయ్య లెక్కపెట్టి చెబుతుంటే రాసి పంపాను. ఆయన సన్మానానికి రారండి. ఆఖరి రాబందుని భుజాన వేసుకుని ఒకసారి మీ దగ్గరికి వచ్చారు, మీరు గెంటించేశారు."