ఆకుపచ్చ చుక్క

పట్టిసీమ ఎగువ అడవిలో తెల్లగుడ్డ కట్టి, దీపానికి వచ్చే చిమ్మటల జాతులు గుర్తిస్తోంది లెక్చరర్ వినీల. చూసినదాన్నే మళ్లీ చూడకుండా ఒక్కోదాని రెక్క మీద ఎర్ర గోళ్లరంగు చుక్క పెడుతుంది. ఇదివరకు తోడొచ్చే విజయ్ పాల్ గారు ఆకుపచ్చ పెట్టేవారు. నిరుడు వానల్లో ఆయన పోయారు. ఇద్దరి పనీ ఇప్పుడు ఆమెదే.

"ఇంక సర్దేద్దామా మేడమ్? కళ్లు మూతలు పడిపోతున్నాయండి," అన్నాడు వాచర్ పెద్దిరాజు.

"ఈ ఒక్కటేనండి."

మద్దిచెట్టు ఆకు తిని పెరిగే చిన్న చిమ్మట వాలింది. గూడు విడిచి రెక్కలొచ్చాక దానికి నోరుండదు. వారానికి మించి బతకదు.

దాని రెక్క మీద ఆకుపచ్చ చుక్క ఉంది.

అలసటకి కళ్లు మోసం చేస్తున్నాయనుకుని వేలితో తాకింది.

రంగు ఇంకా ఆరలేదు.